వాటీ మీకిల్ అడిగిన సాయం

వాటీ మీకిల్ కాలు విరగ్గొట్టినవాణ్ణి నేనే. స్కాట్లండ్‌లోని మా బొగ్గుగని ఊరు ఆకెన్‌రిగ్‌లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. నేను చర్చికి పోతే వెనక వరసలో గుసగుసలు మొదలయ్యేవి, బార్‌లోకి పోతే ఉన్న మాటలు ఆగిపోయేవి. ఎందుకు విరగ్గొట్టానన్నది మాత్రం ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గుర్లో వాటీ పోయి చాలా ఏళ్ళయింది. మిగిలింది నేనూ, నా భార్య మిరెనూ. మొన్న చలికాలంలో వాటీ భార్య ఎఫీ కూడా పోయింది. ఇప్పుడు చెబితే నష్టపోయేవాళ్ళెవరూ లేరు.

గని కంపెనీ కట్టించిన వరస ఇళ్ళలో మాది పదకొండో నంబరు, వాటీ వాళ్ళది పన్నెండు. మధ్య గోడ ఒకటే. వాళ్ళ నాన్న దగ్గితే మా అమ్మ చేతిలో పని ఆపి, "ఇవాళ ఎక్కువగా ఉంది పాపం" అనేది. బడి అయిపోగానే నేనూ వాటీ బొగ్గుచెత్త గుట్ట వెనక, పాత కాగితాలు చుట్టి తాళ్ళు బిగించిన బంతితో చీకటి పడేదాకా ఆడేవాళ్ళం. వాడు ఎడమ అంచున పరుగెత్తేవాడు, నేను అడ్డం పడేవాణ్ణి. అలా అడ్డం పడడమే నాకు అబ్బిన విద్య. పందొమ్మిదో ఏట గ్లాస్గోలో ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు వాణ్ణి తీసుకుంది. నేను గనిలో బొగ్గు కొడుతూ, శనివారాలు పక్క ఊరు డన్‌లారీ జట్టుకి గోలు ముందు కుడివైపు అడ్డుకునే రైట్ బ్యాక్‌గా ఆడేవాణ్ణి. నా దగ్గరికొచ్చిన ఆటగాళ్ళు కుంటుకుంటూ పోతారని పేరు.

కోఆపరేటివ్ దుకాణంలో రొట్టెల బల్ల దగ్గర పనిచేసే ఎఫీని వాటీ పెళ్ళి చేసుకున్నప్పుడు తోడుపెళ్ళికొడుకుని నేనే. ఆ పెళ్ళి విందులోనే నాకు మిరెన్ పరిచయమైంది.

యుద్ధం వచ్చిన శరత్కాలంలో గ్లాస్గో మైదానాల్లో ఆటగాళ్ళ మీద జనం విరుచుకుపడేవారు. "మా పిల్లలు అక్కడ చస్తుంటే మీరిక్కడ గెంతులేస్తారా" అని అరిచేవారు. ఒక శనివారం సగం ఆటలో ఎవరో మేజరు మైదానం మధ్యకొచ్చి ఉపన్యాసమిచ్చాడు. వాటీతో కలిపి ఏడుగురు ఆట బట్టల్లోనే వెళ్ళి సంతకాలు పెట్టారు. పత్రికలో ఫొటో పడింది. ఎఫీ దాన్ని అద్దం కట్టించి పొయ్యి పైన పెట్టుకుంది. నాకు సైన్యంతో పనిపడలేదు. ఓడలకు బొగ్గు కావాలి కనక గనివాళ్ళని కదపలేదు.

పందొమ్మిది వందల పదిహేడు ఫిబ్రవరిలో వాటీ పది రోజుల సెలవు మీద ఇంటికొచ్చాడు. వచ్చిన ఏడో రోజు, గురువారం, మా ఇంటికొచ్చాడు.

నేను పొద్దుటి షిఫ్టు దిగి, పొయ్యి ముందు రేకు తొట్టిలో కూర్చుని ఒళ్ళు కడుక్కుంటున్నాను. మిరెన్ దుకాణానికి పోయింది. వాటీ తలుపు తట్టకుండానే లోపలికొచ్చి, నా వెనక ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"గుడ్డ ఇటివ్వు. వీపు నీకందదు" అన్నాడు.

ఇచ్చాను. మెల్లగా తోముతున్నాడు.

"శనివారం మా మీద ఆడుతున్నావుగా?"

"ఆడుతున్నా. నువ్వు మనూరి జట్టుకి దిగుతున్నావని విన్నాలే. ఆదివారం బండెక్కాలి. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోక ఇదెందుకురా నీకు?"

"ఆర్చీ, నువ్వు నా కాలు విరగ్గొట్టాలి."

నేను నవ్వాను. "అలాగే. చిన్నప్పట్నించీ నాకదే కోరిక."

"వేళాకోళం కాదు." గుడ్డ ఆగింది. "వెనక్కి తిరక్కు. నా మొహం చూడకు. ఇలాగే విను."

తిరగలేదు. మంట వంక చూస్తూ విన్నాను.

"పరుగెత్తగలనని నన్ను చీటీలు మోసే పనిలో వేశారు. ఫిరంగుల దెబ్బకి టెలిఫోన్ తీగలు తెగిపోతాయి కదా, అప్పుడు కబురు చీటీ మీద రాసి మా చేతికిస్తారు. ఒకే కబురు రెండు చీటీలు. ఇద్దరం, రెండు దారులు. ఎందుకో తెలుసా? ఇద్దర్లో ఒకడు చేరడని వాళ్ళకి ముందే తెలుసు."

"ఊఁ."

"ప్రతిసారీ రెండోవాడే పోయాడు. ఏడుగురు. బయల్దేరేముందు నేను వాడి మొహం చూస్తా, వాడు నా మొహం చూస్తాడు. ఇద్దరం అనుకునేది ఒకటే. వీడైతే బాగుండు అని." గుడ్డ తొట్టిలో ముంచి పిండాడు. "అందులో ఒకడు మన గనివాడే. కింది వరసలో కూపర్ వాళ్ళబ్బాయి. వాళ్ళమ్మ నిన్న మా ఇంటికొచ్చి, వాడు పోయేముందు నీతో ఏమన్నాడు బాబూ అని అడిగింది."

"వేరే పని ఇమ్మని అడగకపోయావా?"

"అడిగా. మా కెప్టెన్ భుజం తట్టి, ఇరవై వేల మంది డబ్బిచ్చి చూసిన కాళ్ళవి, వంటశాలలో పెట్టమంటావా అన్నాడు. ఈ కాళ్ళున్నంతకాలం నన్ను వదలర్రా."

"మరి నువ్వే ఏదన్నా..."

"పాదంలో కాల్చుకున్న కుర్రాణ్ణి చూశాను. ఆస్పత్రి మంచం పక్కన తుపాకీతో కాపలా పెట్టారు, మానాక జైలుకి తోలడానికి. శనివారమైతే ఊరంతా చూస్తుంది. ఎవడికీ అనుమానం రాదు. నీ పేరు ఎలాగూ చెడ్డదే కదరా." నవ్వడానికి ప్రయత్నించాడు. "కుడిది. ఎడమ కాలు ముట్టుకోకు. యుద్ధమయ్యాక అది కావాలి నాకు."

"నావల్ల కాదు వాటీ."

"నీవల్ల తప్ప ఇంకెవరి వల్లా కాదు."

అప్పుడే మిరెన్ తలుపు తోసుకుని వచ్చింది. వాటీ గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "చూడు మిరెన్, మీ ఆయన వీపు తోమీ తోమీ నా చేతులు అరిగిపోయాయి. అర టన్ను బొగ్గుంది దీని మీద!" అన్నాడు. ఆమె నవ్వి, టీ పోసి, ఓట్స్ రొట్టె పెట్టింది. టీ తాగాడు. రొట్టె కొరకలేదు. ఇంట్లో తన పిల్లాడికని చెప్పి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చెయ్యనని నిశ్చయించుకున్నాను. మరునాడు రొట్టె కోసం దుకాణానికి నేనే వెళ్ళాను. ఎఫీ కళ్ళకింద నల్లగా ఉంది.

"నీతోనైనా ఏమన్నా చెప్పాడా ఆర్చీ?" అంది, రొట్టె కాగితంలో చుడుతూ. "వచ్చి వారమైంది, బూట్లు విప్పడు. మంచం మీద పడుకోడు, గోడకానుకుని కూర్చుంటాడు. పిల్లాడు పరుగెత్తుకుంటూ మీదికొస్తే రెండు చేతులతో ఆపేస్తాడు. ఎల్లుండి నేను అతన్ని బండెలా ఎక్కించను? నువ్వే చెప్పు."

రొట్టె తీసుకుని బయటికొచ్చేసరికి నిశ్చయం సగం కరిగిపోయింది.

శనివారం మధ్యాహ్నం ఎముకలు కొరికే చలి. మైదానం గట్టిపడి అక్కడక్కడా బూడిద చల్లారు. గనివాళ్ళు, ఆడవాళ్ళు, కట్లు కట్టుకున్న సైనికులు, అంతా కలిసి నాలుగు వేల మంది దాకా వచ్చారు. వాటీ బయటికి రాగానే పెద్ద కేక లేచింది.

మొదటి బంతికే నా మీదికొచ్చాడు. మామూలుగా ఎడమ అంచున పోయేవాడు బ్యాక్‌కి దూరంగా జరిగి పోతాడు. వాడు తిన్నగా నా వైపే వచ్చి, కుడి కాలు ముందుకు చాచి, "ఇప్పుడు" అన్నాడు. నేను పక్కకి తప్పుకున్నాను. వాడు నన్ను దాటిపోయి గోలు కొట్టాడు.

జనం ఊగిపోయారు. రెండోసారీ అంతే. "ఇప్పుడురా, ఇప్పుడు!" నేను కాలు వెనక్కి లాక్కున్నాను. వాడిచ్చిన బంతితో రెండో గోలు పడింది. ఆ రోజు వాటీ ఆడినట్టు ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఆడలేదంటారు. ఆడలేదు, నిజమే. కాలు కాపాడుకోవాలన్న భయమే లేనివాణ్ణి ఎవరాపగలరు? వాడి మొహం దగ్గర్నించి చూసింది నేనొక్కణ్ణే. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

సగం ఆట అయ్యేసరికి మా జట్టువాళ్ళు నన్ను తిట్టిపోశారు. "వాడేమన్నా నీ బావమరిదా? పూలదండ వేసి పంపిస్తున్నావు!" అన్నాడు మా గోల్‌కీపర్.

తిరిగి మొదలైన కాసేపటికి నేను మొదటిసారి నిజంగా కాలు వేశాను. వాడి కుడి కాలికే వేశాను. కానీ చివరి క్షణంలో నా తొడ బిగుసుకుపోయింది. చర్మం చీలి మేజోడు మీదికి రక్తం వచ్చింది, అంతే. వాటీ కిందపడి లేచాడు. కళ్ళనిండా నీళ్ళు. "సరిపోలేదురా. ఇలాగైతే ఆదివారం నడిచి బండెక్కుతాను. నీకు దణ్ణం పెడతాను ఆర్చీ" అన్నాడు. జనానికి మేం తిట్టుకుంటున్నట్టు కనిపించింది. నన్ను బూతులు తిట్టారు.

తర్వాత జరిగింది ఎన్నిసార్లు తలచుకున్నానో. వాడు మళ్ళీ వచ్చాడు. నేను కదిలేలోపు బంతిని నా రెండు కాళ్ళ మధ్య నుంచి పోనిచ్చాడు. నాలుగు వేల మంది ఒక్కసారిగా నవ్వారు. నా మొహం మండిపోయింది. చిన్నప్పుడు గుట్ట వెనకా అలాగే చేసేవాడు. వెనక్కి తిరిగి, రెండంగల్లో అందుకుని, బంతి ఎక్కడుందో చూడకుండా ఒళ్ళంతా వేసి దూకాను.

ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

నేను వాడి పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాను. కాలు మోకాలి కింద పక్కకి తిరిగిపోయి ఉంది. వాటీ నా కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. పళ్ళ సందుల్లోంచి అన్నాడు: "కుడిదన్నాను కదరా."

అప్పుడు చూశాను. విరిగింది ఎడమ కాలు.

రిఫరీ నన్ను బయటికి పొమ్మన్నాడు. మైదానం దాటేలోపు బూడిద గడ్డలు, బొగ్గు రాళ్ళు నా వీపు మీద పడ్డాయి. మా ఊరివాళ్ళే. నన్ను పుట్టినప్పట్నించీ ఎరిగినవాళ్ళే.

వాటీని సైనిక ఆస్పత్రికి తీసుకుపోయారు. పది రోజుల తర్వాత ఒక సైనికాధికారి విచారణకని వచ్చి గని ఆఫీసులో నన్ను పిలిపించాడు. చిన్నవాడు, మర్యాదస్థుడు. బల్ల అవతల గని గుమాస్తా కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"సెలవు రేపు అయిపోతుందనగా కాలు విరిగింది" అన్నాడు అధికారి. "మీరిద్దరూ పక్కపక్క ఇళ్ళలో పెరిగారట. అతని పెళ్ళిలో మీరు తోడుపెళ్ళికొడుకట. రెండు రోజుల ముందు అతను మీ ఇంటికొచ్చాడట. చిత్రంగా లేదూ మిస్టర్ పర్డీ?"

స్నేహితులమంటే వాటీ జైలుకి పోతాడు. అంతకన్నా ఘోరమైనా జరగొచ్చు. స్నేహితులం కాకూడదు. ఆ గదిలో, ఆ కుర్చీలో, అప్పటికప్పుడు మేం శత్రువులమైపోవాలి.

"స్నేహితులం కాదండి" అన్నాను.

"ఎప్పట్నించి?"

"వాడు ఎఫీని పెళ్ళి చేసుకున్నప్పట్నించి. ముందు నేను చూసుకున్న పిల్ల. వాడు గ్లాస్గో నుంచి కొత్త కోటేసుకొచ్చి ఎగరేసుకుపోయాడు. మా ఇంటికొచ్చి కూడా ఆ మాటే ఎత్తి నవ్వాడు. మైదానంలోనూ నవ్వాడు. అందుకే వేశాను."

అధికారి నన్ను చాలాసేపు చూశాడు. అసహ్యంతో మూతి బిగించి, "సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టాను.

సాయంత్రానికల్లా ఆ మాట ఊరంతా పాకింది. గుమాస్తా నోరు అలాంటిది. నేను ఇంటికి చేరేసరికి మిరెన్ బంగాళాదుంపలు తరుగుతూ నిలబడి ఉంది. తలెత్తలేదు. నేను తలుపు గడియ వేసి మొత్తం చెప్పాను. తొట్టి దగ్గర్నించి సంతకం దాకా.

విన్నాక ఇంకో దుంప తీసుకుని తరిగింది. "కాలు సంగతి నమ్ముతున్నాను" అంది చివరికి. "ఎఫీ సంగతే... అంత తొందరగా నోటికెలా వచ్చింది ఆర్చీ? ఇంకే అబద్ధమూ తట్టలేదా?"

"తట్టలేదు."

కత్తి కిందపెట్టి లోపలి గదిలోకి పోయింది.

గనిలో నా జోడీ ముసలి డేవిట్, పదేళ్ళు నాతో ఒకే మూల బొగ్గు కొట్టినవాడు, వేరే జోడీ చూసుకున్నాడు. నా బొగ్గు బళ్ళు ఎవరూ తోసేవారు కాదు. మిరెన్ వీధి పంపు దగ్గరికి పోతే ఆడవాళ్ళు బిందెలెత్తుకుని కదిలిపోయేవారు. కిటికీ అద్దాలు రెండుసార్లు పగిలాయి. మూడోసారి నేను అద్దం వేయించకుండా అట్ట బిగించాను.

ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో అరాస్ దగ్గర పెద్ద దాడి జరిగింది. వాటీ ఉన్న దళంలో మా ఊరివాళ్ళు పదకొండుగురు పోయారు. తంతి మోసే పిల్ల సైకిలు మీద వరసల్లోకి వస్తే తలుపులు మూసుకునేవాళ్ళం. పోయినవాళ్ళలో డేవిట్ మనవడొకడు. ఆ వారం షిఫ్టు దిగుతుంటే డేవిట్ నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను.

"నా మనవడు కూడా ఆటగాడే" అన్నాడు. "వాడి కాలు కూడా విరగ్గొట్టి ఉండాల్సింది నువ్వు."

ఆయన కళ్ళలోకి చూశాను. ఏమో, ఆయనకి తెలిసిపోయిందేమో. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

జూలైలో వాటీ ఇంటికొచ్చాడు. ఎముక వంకరగా అతుక్కుంది, ఎడమ కాలు రెండంగుళాలు పొట్టిదయింది. సైన్యం పింఛనిచ్చి వదిలేసింది. నాకు ఒకటే ఆశ. వాడు వీధిలోకొచ్చి, ఆటన్నాక దెబ్బలు తగుల్తాయి, ఆర్చీని వదిలెయ్యండి అని ఒక్క మాటంటే చాలు. రెండు వారాలు చూశాను. వాడు గుమ్మం దాటలేదు. ఆదివారం చర్చి అయ్యాక నేనే వెళ్ళాను.

ఎఫీ తలుపు తెరిచింది. నన్ను చూసి రెండు చేతులూ తలుపుకి అడ్డం పెట్టింది.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావు? నేనెప్పుడు నీదాన్నయ్యాను? నీ పక్కన ఒక్క డాన్సు చేశానా? ఊళ్ళో నా పేరు కూడా నాశనం చేశావు కదరా!"

"వాటీతో ఒక్క మాట..."

ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను. వాటీ కిటికీ పక్క కుర్చీలో, కాలు పీట మీద పెట్టుకుని ఉన్నాడు. సన్నబడ్డాడు. నా వంకే చూస్తున్నాడు.

"ఎందుకు చేశావు ఆర్చీ?" అన్నాడు. గొంతు మామూలుగా ఉంది. "నేను నీకేం అన్యాయం చేశాను?"

ఎఫీ కోసం నటిస్తున్నాడనుకుని, వాడి కళ్ళలో ఏదైనా సైగ ఉందేమోనని వెతికాను. ఏమీ లేదు. నిజంగా అడుగుతున్నవాడి కళ్ళే అవి. టోపీ పెట్టుకుని తిరిగొచ్చాను.

ఆ శరత్కాలంలో గనివాళ్ళు వాటీకి దీపాల గదిలో పని ఇచ్చారు. గనిలోకి దిగే ప్రతివాడూ కిటికీ దగ్గర తన నంబరు చెప్పి దీపం తీసుకోవాలి. అందరికీ వాటీ దీపం చేతికిచ్చేవాడు. నేను వస్తే కిటికీ గట్టు మీద పెట్టి మొహం తిప్పుకునేవాడు. రోజూ తెల్లవారుజామున ఆరింటికి ముందు అది. ఆరు నెలలు.

పద్ధెనిమిదో సంవత్సరం వసంతంలో సైన్యం గనుల్లోంచి కూడా మనుషుల్ని ఏరడం మొదలుపెట్టింది. నా పేరు వచ్చింది. మిరెన్ ఏడ్చింది. నాకు మాత్రం, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఊపిరాడినట్టనిపించింది. ఎవరూ నన్నెరగని చోటికి పోతున్నాను.

ఫ్రాన్స్‌లో ఐదు నెలలు కందకాలు తవ్వాను. సెప్టెంబరులో ఒక పొద్దున పొగలోంచి ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చి మా కందకంలోకి దూకాడు. చేతిలో నలిగిన చీటీ. మా సార్జెంటు అది చదివి, "ఇది అరగంట క్రితమే ఇంకొకడు తెచ్చాడే" అన్నాడు. ఆ కుర్రాడు గోడకానుకుని కూర్చుని, "అయితే వాడు బతికున్నాడా? వాడు బతికున్నాడా?" అని అడుగుతూనే ఉన్నాడు, ఏడుస్తూ, నవ్వుతూ. ఉన్నాడని చెప్పినా వినిపించుకోలేదు. ఆ రోజు నాకు వాటీ మీద కోపం పోయిందని చెప్పను. వాడు నన్నెందుకడిగాడో మాత్రం ఎముకల్లో తెలిసింది. నా పక్కన మిత్రుడెవడైనా సుత్తి పట్టుకుని నిలబడి ఉంటే నేనూ కాలు చాచి ఉండేవాణ్ణి.

పందొమ్మిదో సంవత్సరం మార్చిలో తిరిగొచ్చాను. గనిలో మళ్ళీ చేరిన రోజు షిఫ్టు దిగి, దీపం అప్పగించడానికి అందరూ పోయేదాకా ఆగాను. కిటికీ దగ్గర మేమిద్దరమే మిగిలాం.

"చూశావా?" అన్నాడు వాటీ. ఆ కిటికీ దగ్గర నాతో అన్న మొదటి మాట.

"చూశాను."

"చీటీలవాళ్ళని?"

"వాళ్ళనీ చూశాను."

దీపం తీసుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. "ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ అధికారి నీ కాగితం చదివి వినిపించాడు. మంచి అబద్ధం చెప్పావురా, బతికించావు అనుకున్నా. తర్వాత అరాస్ సంగతి తెలిసింది. పదకొండుగురు. నేనుంటే నా చీటీ మోసేవాణ్ణి, నా బదులు ఎవడో మోశాడు. అది ఆలోచిస్తే పిచ్చెక్కేది. కానీ ఆర్చీ నా కాలు కసితో విరగ్గొట్టాడు, నేనేం చెయ్యను, అనుకుంటే నిద్రపట్టేది. అలా అనుకుంటూ అనుకుంటూ..." ఆగాడు. "కుడిదన్నాను కదరా. ఎడమది ఎందుకు విరిచావు?"

"తెలియదు."

"నిజం చెప్పు."

"నిజంగానే తెలియదు వాటీ. నువ్వు నా కాళ్ళ మధ్య బంతి పోనిచ్చావు. అందరూ నవ్వారు. తర్వాత ఏ కాలో చూడలేదు."

వాడు తలూపాడు. ఆ జవాబు వాడికి సరిపోయినట్టే ఉంది. నాకు మాత్రం ఈ రోజుకీ సరిపోలేదు.

"ఎఫీకి చెప్పు" అన్నాను. "ఊరికొద్దు. పింఛను పోతుంది, పిల్లలున్నారు, నాకు తెలుసు. ఎఫీకొక్కదానికి చెప్పు. మా మిరెన్ ముందు ఆమె తలుపు మూసేస్తోంది. అది నేను భరించలేకపోతున్నాను."

"చెప్తాను."

"ఎప్పుడు?"

"చెప్తానన్నాగా. ఈ ఆదివారం."

మర్నాడు పొద్దున దీపం గట్టు మీద పెట్టలేదు. నా చేతికిచ్చాడు. వేళ్ళు తగిలాయి. నాకు ఆశ పుట్టింది. ఆదివారం గడిచింది. సోమవారం మిరెన్ దుకాణంలో ఎఫీకి ఎదురుపడింది. ఎఫీ బల్ల అవతలి వైపుకి వెళ్ళిపోయింది. ఇంకో ఆదివారం కూడా గడిచింది. నేను మళ్ళీ అడగలేదు. వాడు ఎప్పుడైనా ఒకప్పుడు నోరు తెరిచేవాడు, "ఆర్చీ, మరీ..." అని. వెనక ఎవరో ఒకరు నంబరు చెప్పేవారు. అలా పన్నెండేళ్ళు రోజూ వాడి చేతి నుంచి దీపం తీసుకుని గనిలోకి దిగాను.

ముప్పై ఒకటో సంవత్సరంలో వాటీ వాళ్ళ నాన్నలాగే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మాకు ఇంకా మధ్య గోడ ఒకటే. చివరి వారం ఆ దగ్గు నేనూ మిరెనూ వింటూ కూర్చున్నాం. నన్ను లోపలికి రానివ్వలేదు.

మా దగ్గర శవపేటికని గోతిలోకి దించే తాళ్ళు ఎనిమిది. ఎవరెవరు ఏ తాడు పట్టాలో చీటీలు పంపుతారు. దగ్గరివాళ్ళకే అవి వస్తాయి. అంత్యక్రియల ముందురోజు మధ్యాహ్నం వాటీ పెద్దకొడుకు రాబ్ మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. వాళ్ళ నాన్నలాగే పొడుగ్గా ఉన్నాడు.

"నాన్న తాళ్ళవాళ్ళ పేర్లు తనే రాసిపెట్టాడండి. అందులో మీ పేరుంది" అన్నాడు నేల చూస్తూ. "అమ్మ ఒప్పుకోవట్లేదు. నాన్నకి జ్వరంలో ఏం రాశాడో తెలియలేదంటోంది. మిమ్మల్ని స్మశానానికి రావద్దని చెప్పమంది. నేనేం చెయ్యాలో నాకు తెలీటంలేదు."

ఆ కుర్రాడికి నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. తన తండ్రిని వీరుడనుకుంటూ పెరిగినవాడు. గుమ్మంలో నిలబెట్టి ఏమని చెప్పను?

"మీ అమ్మ చెప్పినట్టు చెయ్యి నాయనా" అన్నాను.

మరునాడు వాళ్ళు వాటీని తీసుకుపోతుంటే రోడ్డు పక్కన టోపీ తీసి నిలబడ్డాను. మిరెన్ నా పక్కకొచ్చి నిలబడింది. ఎవరూ మా వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక మిరెన్ కోటు విప్పకుండానే పొయ్యి దగ్గర కూర్చుంది. "జ్వరంలో రాయలేదు వాటీ. తెలిసే రాశాడు" అంది. మంట కదిపి, "ఇన్నేళ్ళూ అడగలేదు, ఇప్పుడడుగుతున్నాను. ఎఫీ మాట పూర్తిగా అబద్ధమేనా?" అంది.

"పూర్తిగా అబద్ధమే" అన్నాను.

ఆమె నా మొహం చూసి, లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టింది. నమ్మిందో లేదో నాకు చెప్పలేదు.